హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్ మ్యూజిక్ లేబుల్ పెడదామనుకుంటున్నారా, ముందు ఒక ఎక్సెల్ షీట్ తెరవండి

"లేబుల్ పెట్టిన" అని ఇంట్లో చెప్తే మా అమ్మ ఫస్ట్ అడిగింది "అంటే బరాత్‌లకు డీజే పెడ్తవా?" అని. ఆమె తప్పేం లేదు, మన హైదరాబాద్‌లో డీజే అంటే మనిషి కాదు, డీసీఎం బండి మీద కట్టిన స్పీకర్ల గోడ. 2024 అక్టోబర్‌లో సిటీ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలు బంద్ అని చెప్పినప్పుడు కూడా "ఇగ నీ పని ఎట్లరా" అని చుట్టాల నుంచి రెండు ఫోన్లొచ్చినయ్. అందుకే ముందే చెప్తున్నా, నేను మాట్లాడేది ఆ డీజే గురించి కాదు. టెక్నో, హౌస్, యాంబియంట్, బ్రేక్స్ ఇట్లాంటి ఎలక్ట్రానిక్ మ్యూజిక్ రూమ్‌ల కూర్చొని చేసే పిల్లల ట్రాకులు తీసుకొని, మంచిగ మాస్టర్ చేయించి (అంటే రిలీజ్‌కు ముందు సౌండ్‌ను ఆఖరిసారి సరిచేయించి), రిలీజ్ చేసి, అమ్మి, వచ్చిన పైసల్ల ఎవరి వాటా వాళ్ళకిచ్చే చిన్న దుకాణం గురించి. ఆ ఆఖరి ముక్క ఉంటేనే లేబుల్. అది లేకపోతే వేరేవాళ్ళ పాటలు మన అకౌంట్‌ల అప్‌లోడ్ చేసుడే.

ఇప్పుడు ఎవరి పాట వాళ్ళే ఫోన్ నుంచి అప్‌లోడ్ చేస్కుంటున్నారు కదా మరి లేబుల్ ఎందుకు అంటరు. డెట్రాయిట్‌ల హువాన్ అట్కిన్స్ 1985ల మెట్రోప్లెక్స్ అనే టెక్నో లేబుల్ పెట్టినప్పుడు, తర్వాత డెరిక్ మే ట్రాన్స్‌మాట్, కెవిన్ సాండర్సన్ కేఎంఎస్ పెట్టినప్పుడు వాళ్ళకు వేరే దారి లేదు, వాళ్ళ మ్యూజిక్ పెద్ద కంపెనీలు రికార్డులుగ ప్రెస్ చెయ్యవు కాబట్టి వాళ్ళే చేస్కున్నరు. 1989ల షెఫీల్డ్‌ల వార్ప్ లేబుల్ కూడా ఒక రికార్డుల షాపు నుంచే మొదలైంది. మనకు ప్రెస్ చేసుడు సమస్య కాదు, సమస్య ఏందంటే రోజూ వచ్చే ట్రాకుల కుప్పల మంచిది ఎవరికీ దొరకదు. "వీళ్ళు పెట్టిందంటే ఒకసారి విందాం" అని ఒక వంద మందికి అనిపిస్తే చాలు, లేబుల్ నడిచినట్టే. ఆ నమ్మకానికి మీ చెవి కావాలి, దాంతోపాటు మీ లెక్క కూడా కావాలి. చెవి సంగతి నేను నేర్పలేను, లెక్క సంగతి చెప్తా.

పేరుతో మొదలుపెట్టండి గానీ పేరు మీద మూడు నెలలు కూర్చోకండి. అనుకున్న పేరు రికార్డుల జాబితా సైటు డిస్కాగ్స్‌ల, మ్యూజిక్ అమ్మే సైట్లు బ్యాండ్‌క్యాంప్‌ల, బీట్‌పోర్ట్‌ల ఉందా చూడండి, తర్వాత ఐపీ ఇండియా సైట్‌ల ట్రేడ్‌మార్క్ సెర్చ్ ఉచితంగనే ఉంటది, అక్కడ క్లాస్ 9 (రికార్డింగులు), క్లాస్ 41 (వినోద సేవలు) రెండింట్ల చూడండి. ట్రేడ్‌మార్క్ వెయ్యాలంటే మనిషి పేరు మీదైతే ఆన్‌లైన్‌ల ఒక్కో క్లాసుకు 4,500 ఫీజు, కానీ మొదటి రోజే అవసరం లేదు, రెండు మూడు రిలీజులయినంక చూస్కోవచ్చు. కంపెనీ కూడా అక్కర్లేదు, మీ పాన్ మీద సోల్ ప్రొప్రైటర్‌గా నడిపించొచ్చు, ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఫ్రీ, అది ఉంటే బ్యాంకుల కరెంట్ అకౌంట్ తెరుసుడు జర ఈజీ అయితది. దోస్తులు ముగ్గురు కలిసి పెడుతుంటే మాత్రం పార్ట్‌నర్‌షిప్ డీడ్ రాస్కోండి. "మనం మనం ఏముంది" అన్న మాట ఎక్కడికి పోతదో తెలుసు కదా.

క్యాటలాగ్ నంబర్, అంటే రిలీజ్‌కొక వరుస నంబర్, కూడా మొదటి రిలీజ్ నుంచే పెట్టండి, మూడక్షరాలు పెట్టి 001, 002 అని. మాంచెస్టర్‌ల ఫ్యాక్టరీ రికార్డ్స్ వాళ్ళకు ఇది పిచ్చి, వాళ్ళ మొదటి నంబర్ రికార్డుకు కాదు పోస్టర్‌కు ఇచ్చిన్రు, వాళ్ళ క్లబ్బుకు కూడా 51 అని నంబరేసిన్రు. మనకంత అవసరం లేదు గానీ నంబర్ ఉంటే ఫోల్డర్లు, కాంట్రాక్టులు, లెక్కలు అన్నీ ఒకటే పేరుతో దొరుకుతయ్. 003 అని కొడితే మాస్టర్ ఫైలు, ఆర్ట్‌వర్క్, సంతకాలు చేసిన పీడీఎఫ్, ఖర్చుల షీట్ అన్నీ ఒక్క దగ్గర రావాలి, అట్ల పెట్టుకోండి.

ఇప్పుడు కాయితం. నేను బుద్ధి తెచ్చుకున్నది ఇక్కడే, కాబట్టి జర సాగదీస్తా. మా ఫస్ట్ ఈపీల (కొన్ని ట్రాకులే ఉండే చిన్న రిలీజ్) ఒక ట్రాక్‌కు మా ఫ్రెండ్ వాళ్ళ చెల్లె హమ్మింగ్ చేసింది, మాటలు కూడా లేవు, ఇరవై సెకన్లు. అందరం దోస్తులమే, ఏం రాస్కోలే. ఆర్నెల్లకు ఒక యాడ్ చేసేవాళ్ళు ఆ ట్రాక్ అడిగిన్రు, అడిగిన రేటు మాకు లాటరీ లెక్క ఉండే, అప్పుడు లేసింది లొల్లి, గొంతు ఆమెది, బీటు అతనిది, పెట్టుబడి నాది, ఎవరికెంత? వారం రోజులు ఫోన్ల మీద ఫోన్లు, వాళ్ళు ఇంకో ట్రాక్ తీస్కొని పోయిన్రు, మాకు మిగిలింది మాటల్లేని దోస్తానా. ఆ ట్రాక్ కూడా తీసేసినం.

చట్టం ఏమంటదో తెలుసుకోండి, ఎక్కువేం లేదు. కాపీరైట్ చట్టం 1957ది, 2012ల పెద్ద సవరణ వచ్చింది. హక్కులు మీకు రాసిస్తే అది నోటిమాటగా చెల్లదు, రాతల ఉండాలి, సంతకం ఉండాలి. ఎన్నేళ్ళకు అనేది రాయకపోతే చట్టం అయిదేళ్ళు అనుకుంటది. ఏ దేశాలకు అనేది రాయకపోతే ఇండియా వరకే అనుకుంటది. ఇది చూడండి ఎంత చిన్న ముక్కో, "ప్రపంచమంతటా" అన్న ఒక్క మాట రాయడం మర్చిపోతే బెర్లిన్‌ల ఎవడో కొన్న కాపీకి మీ దగ్గర హక్కే లేనట్టు. ఇంకోటి, తీస్కున్న హక్కుల్ని ఏడాది లోపల వాడకపోతే, వేరేగ రాస్కుంటే తప్ప, అవి వాపస్ పోతయ్, కాబట్టి ట్రాకులు సైన్ చేసి డ్రైవ్‌ల పండబెట్టే అలవాటు ఉంటే మానుకోండి.

నా సలహా ఏందంటే హక్కులు మొత్తం రాయించుకోకండి, లైసెన్స్ తీస్కోండి. మాస్టర్, అంటే అసలు రికార్డింగ్, ఆర్టిస్టుదే, మీకు అయిదేళ్ళో ఏడేళ్ళో ఎక్స్‌క్లూజివ్‌గా, ప్రపంచమంతటా, డిజిటల్‌కీ ఫిజికల్‌కీ రిలీజ్ చేసే హక్కు, అంతే. ట్రాక్‌ల చెయ్యి పెట్టిన ప్రతి ఒక్కళ్ళ పేరు, వాటా శాతం, సంతకం. హమ్మింగ్ ఇరవై సెకన్లైనా సరే. రెండు పేజీలు సరిపోతది, వీలైతే లాయర్‌కు ఒకసారి చూపించండి, ఒక్కసారి ఫార్మాట్ కుదిరితే ప్రతి రిలీజ్‌కు అదే వాడుకోవచ్చు. సినిమాల్లో పాటలకూ వీటికీ చట్టంల తేడాలున్నయ్, ఎవరో సినిమా కాంట్రాక్ట్ పంపితే అది కాపీ కొట్టకండి.

పైసల సంగతికొస్తే చిన్న లేబుళ్ళల్ల మామూలుగా నడిచేది సగం సగం, అది కూడా ఖర్చులు తీసేసినంక. ఖర్చు అంటే ఏందో కూడా రాయాలి, లేకపోతే మీ చాయ్ బిల్లు కూడా అందులకే ఎక్కుతది. ఒక లెక్క అనుకుందాం: ఈపీకి మాస్టరింగ్, ఆర్ట్‌వర్క్ కలిపి 11,000 పెట్టిన్రు, ఏడాదిల 18,000 వచ్చింది, మిగిలింది 7,000, మీకు 3,500, ఆర్టిస్టుకు 3,500. ఖర్చు వాపస్ రాకముందే ఆర్టిస్టు "నా పైసలేవి" అంటే చూపించనీకి షీట్ ఉండాలి కదా, అందుకే టైటిల్‌లనే చెప్పిన. షీట్‌ల కాలమ్స్ ఎక్కువ పెట్టకండి: తేదీ, క్యాటలాగ్ నంబర్, ఎక్కడి నుంచి వచ్చింది, ఎంత, ఎవరికెంత, ఇచ్చినమా లేదా.

శాంపిళ్ళు, అంటే వేరేవాళ్ళ రికార్డింగ్ నుంచి కోసి వాడుకునే ముక్కలు. ఆర్టిస్టులు వినమని పంపే ప్రతి మూడో డెమోల పాత తెలుగు సినిమా పాట ముక్కో డైలాగో ఉంటది, వింటుంటే మజా వస్తది, నేను కాదన. కానీ సౌండ్ రికార్డింగ్ హక్కు రిలీజైన ఏడాది తర్వాత నుంచి 60 ఏళ్ళుంటది, అది దాటినా రాసినాయన, స్వరం కట్టినాయన హక్కు వాళ్ళు పోయినంక ఇంకో 60 ఏళ్ళుంటది. రెండు సెకన్లైతే పర్లేదు అనే రూల్ ఎక్కడా లేదు, అది హాస్టల్ రూమ్‌ల పుట్టిన చట్టం. క్లియరెన్స్ లేకుండా పెట్టిన్రో, అప్‌లోడ్ చేసిన సైటే ఆటోమేటిక్‌గా పట్టేస్తది, ట్రాక్ పోతది, ఒక్కోసారి మొత్తం లేబుల్ అకౌంటే ఆగిపోతది.

దానికన్నా మన చుట్టూ ఉన్నది రికార్డ్ చేస్కోండి. ఓల్డ్ సిటీ మర్ఫా ఉంది, యెమెన్ అరబ్బులూ ఆఫ్రికా నుంచొచ్చిన సిద్దీలూ నిజాం కాలంల ఇక్కడికి తెచ్చిన దరువు, ఇప్పటికీ పెళ్ళిళ్ళల్ల మోగుతది. ఆషాఢంల బోనాలొస్తే గల్లీకో డప్పుల జట్టు. తీన్‌మార్ టెంపోను టెక్నో కిక్ మీద కూర్చోబెడితే ఏమైతదో చేసి చూడండి, నేను మాటల్లో చెప్పలేను. కానీ జాత్రల ఫోన్ పెట్టి తీసిన రికార్డింగ్ వాడుకునుడు మర్యాద కాదు, చట్టం ప్రకారం కూడా కాదు, ప్రదర్శించేవాళ్ళకు వాళ్ళ హక్కుంటది, పర్మిషన్ లేకుండా రికార్డు చెయ్యొద్దు. జట్టు పెద్దాయనతో మాట్లాడి, ఒక పూట కూర్చోబెట్టి, వాళ్ళ రేటు ఇచ్చి, తెలుగుల రాసిన ఒక పేజీ చదివి వినిపించి సంతకం తీస్కోండి, క్రెడిట్ల పేర్లు వెయ్యండి. దగ్గర మైకు ఒకటి, దూరం మైకు ఒకటి. దూరం మైకులనే అసలు మజా ఉంటది, గల్లీ గోడలకు తగిలి వాపస్ వచ్చే సౌండ్ ఏ ప్లగిన్ ఇయ్యదు.

డెమోలు వినేటప్పుడు నా రూల్ ఒకటే, వచ్చిన రోజు జవాబియ్యను, వారం తర్వాత మళ్ళ విన్నప్పుడు గుర్తొస్తే ముందుకు పోత. వద్దు అనుకుంటే వద్దని రెండు లైన్లు రాయండి, చాలామంది ఆ రెండు లైన్లు కూడా రాయరు. మాస్టరింగ్ ఆర్టిస్టుతో చేయించకండి, వాళ్ళ చెవులు అప్పటికే అలసిపోయి ఉంటయ్, ఇంకొక మనిషికి ఇయ్యండి. మిక్స్ 24 బిట్ వావ్ ఫైలుల తెప్పించుకోండి, మాస్టర్ ఛానల్ మీద లిమిటర్ (సౌండ్ హద్దు దాటకుండ నొక్కేది) తీసేసి. స్పాటిఫై మైనస్ 14 లఫ్స్ (సౌండ్ ఎంత గట్టిగుందో కొలిచే లెక్క) దగ్గరికి వాల్యూమ్ సర్దుతది కాబట్టి గట్టిగ నొక్కి ఫాయిదా లేదు, కానీ క్లబ్‌ల వాయించే ట్రాక్‌కు అంత తక్కువ కూడా పనికిరాదు, మాస్టరింగ్ చేసేవాళ్ళకు ఇది ఎక్కడ మోగేదో చెప్పండి చాలు.

మాస్టర్ వచ్చినంక నేను నాలుగు చోట్ల వింట. హెడ్‌ఫోన్లు, ఫోన్ స్పీకర్, కారు, ఆఖరికి దోస్తు నడిపే సౌండ్ అద్దె గోడౌన్‌ల రెండు పెద్ద బాసుల మీద. ఒకసారి ఏమైందంటే హెడ్‌ఫోన్ల అద్భుతంగ ఉన్న బేస్ లైన్ గోడౌన్‌ల వేస్తే మాయం, ఏందిరా అని చూస్తే సబ్, అంటే అట్టడుగు బేస్, మొత్తం స్టీరియోల పరిచి పెట్టిండు, సిస్టం మోనో, రెండు దిక్కులూ కలిపి ఒకటే సౌండ్ చేస్తది, లెఫ్టూ రైటూ ఒకదాన్నొకటి కొట్టేసుకున్నయ్. కింది ఫ్రీక్వెన్సీలు మోనోల ఉండాలని పుస్తకాల్ల చదివుంట, కానీ గోడౌన్‌ల ఆ నిశ్శబ్దం విన్నంకనే బుర్రకెక్కింది. వైర్లు, కన్వర్టర్లు ఏమన్న కావాలంటే కోఠి గుజరాతీ గల్లీల దొరకనిది లేదు, బేరం మాత్రం ఆడాలి.

మెటాడేటా, అంటే పాటతోపాటు పోయే పేర్లు, కోడ్‌లు, బోరింగ్, కానీ పైసలు తప్పిపోయేది ఇక్కడే. ప్రతి ట్రాక్‌కు ఐఎస్‌ఆర్‌సీ అని 12 అక్షరాల కోడ్ ఉంటది, మన దేశంల రికార్డు కంపెనీల సంఘం ఐఎంఐ ఇస్తది, లేకపోతే పాటల్ని యాప్‌లకు చేర్చే డిస్ట్రిబ్యూటరే పెట్టేస్తడు. ఎవరిచ్చినా సరే షీట్‌ల రాసి పెట్టుకోండి, ఎందుకంటే రేపు డిస్ట్రిబ్యూటర్‌ను మారిస్తే అదే కోడ్‌తో ఎక్కిస్తేనే పాత ప్లే కౌంట్ నిలుస్తది. ఆర్టిస్టు పేరు ఒక్క స్పెల్లింగ్‌లనే ఉండాలి. మా ఆర్టిస్టు ఒకతను పేరు చివర ఒక అక్షరం ఎక్కువ పెట్టి రెండో ఈపీ పంపితే అది వేరే దేశంల గాస్పెల్ పాడే ఆయన ప్రొఫైల్ కింద పడ్డది, మూడు వారాలు పట్టింది తీయించనీకి, రిలీజ్ వారం గంగల కలిసింది. ఆర్ట్‌వర్క్ 3000 బై 3000 పిక్సెళ్ళు, దాని మీద సైట్ల లోగోలు, ధరలు రాయొద్దు, తిప్పికొడ్తరు.

ఎక్కడ అమ్మాలి అంటే రెండు దారులు. స్ట్రీమింగ్ యాప్‌లకు, బీట్‌పోర్ట్‌కు డిస్ట్రిబ్యూటర్ ద్వారానే పోవాలి. ఏడాది చందా కట్టేవి ఉన్నయ్, వచ్చినదాంట్ల శాతం తీస్కునేవి ఉన్నయ్. చందావాటిల్ల చందా ఆపేస్తే పాటలు దిగిపోతయా అనేది అడగండి, కొన్నిట్ల దిగిపోతయ్. బీట్‌పోర్ట్‌ల మీ లేబుల్ పేరు మీదనే పేజీ కావాలి కాబట్టి లేబుళ్ళ కోసమే ఉన్న లేబుల్ వర్క్స్ లాంటి వాళ్ళ దిక్కు చూడండి. స్పాటిఫైల 2024 నుంచి ఒక ట్రాక్‌కు వెనకటి 12 నెలల్ల కనీసం 1,000 స్ట్రీమ్స్ లేకపోతే దాని రికార్డింగ్ రాయల్టీ ఏమీ రాదు, కాబట్టి స్ట్రీమింగ్ మీద ఇల్లు కడదాం అనుకోకండి.

రెండోది బ్యాండ్‌క్యాంప్. డిజిటల్ అమ్మితే 15 శాతం వాళ్ళు తీస్కుంటరు, టీషర్టులూ క్యాసెట్లూ అయితే 10. 2020 మార్చ్‌ల మొదలైన బ్యాండ్‌క్యాంప్ ఫ్రైడేల రోజు (ప్రతి శుక్రవారం కాదు, వాళ్ళు ముందే చెప్పే కొన్ని శుక్రవారాలు) వాళ్ళ వాటా వదిలేస్తరు, రిలీజ్ ఆ రోజుకు పెట్టుకుంటే మంచిది. కానీ మనకొక తిరకాసు ఉంది. అక్కడ పైసలు పేపాల్‌ల పడ్తయ్, పేపాల్ 2021 ఏప్రిల్ నుంచి దేశం లోపల లోపల పేమెంట్లు బంద్ చేసింది. అంటే మీ ఈపీ బెర్లిన్‌ల ఉన్నోడు కొనగలడు, కొండాపూర్‌ల ఉన్న మీ దోస్తు కొనలేడు. ఫస్ట్ రిలీజ్ రోజు ఇరవై మంది "కొందామంటే ఎర్రర్ వస్తుందన్నా" అని స్క్రీన్‌షాట్లు పంపిన్రు, నేనేదో సెట్టింగ్ తప్పు పెట్టిన అనుకొని రాత్రంతా కూర్చున్న. ఇప్పుడు ఏం చేస్తమంటే లోకల్ వాళ్ళు యూపీఐ కొడ్తరు, మేం డౌన్‌లోడ్ కోడ్ వాట్సాప్‌ల పంపుతం, షీట్‌ల "యూపీఐ" అని వేరే రాస్తం. చేతిపనే, కానీ కొన్నోళ్ళ పేర్లు తెలుస్తయ్, తర్వాత గిగ్గు పెట్టినప్పుడు వాళ్ళే వస్తరు.

రిలీజ్ డేట్ కనీసం నాలుగు వారాల ముందు ఫిక్స్ చేయండి. స్పాటిఫైల ప్లేలిస్టులు చేసే ఎడిటర్లకు మీ ట్రాక్ పిచ్ చెయ్యాలంటే కనీసం 7 రోజుల ముందు ట్రాక్ అక్కడ ఉండాలి. డీజేలకు ప్రైవేట్ లింక్ పంపేటప్పుడు రెండొందల మందికి ఒకటే మెయిల్ కొట్టకండి, ఇరవై మందికి పేరు పెట్టి రాయండి, వాళ్ళ సెట్‌ల ఏ టైముల పనికొస్తదో ఒక ముక్క చెప్పండి. "10 వేల స్ట్రీమ్స్ గ్యారంటీ" అని మెసేజ్ పెట్టేవాళ్ళ జోలికి అస్సలు పోకండి. మా ఆర్టిస్టు ఒకడు మాకు చెప్పకుండ ఒక ప్లేలిస్ట్ వాడికి 1,500 కొట్టిండు, ఒక్క రాత్రిల ఏదో ఊరు నుంచి వేల ప్లేలు, నెల తిరిగేసరికి డిస్ట్రిబ్యూటర్ ఆ రిలీజ్ పీకేసి మా బ్యాలెన్స్ ఆపేసిండు, అందులో వేరేవాళ్ళ పైసలు కూడా ఉండె. ఇప్పుడు కాంట్రాక్ట్‌ల దాని మీద ఒక లైన్ ఉంది.

పాటల లైసెన్సులు చూసే సంస్థల గురించి గబగబా. స్వరం కట్టేవాళ్ళని ఐపీఆర్‌ఎస్‌ల చేరమనండి, అది 1969ది, కంపోజర్లకూ రైటర్లకూ పబ్లిషర్లకూ. పీపీఎల్ అనేది రికార్డింగ్ ఓనర్లకు, అంటే లేబుల్ దిక్కు. గిగ్గు పెట్టి రికార్డులు వాయిస్తే లైసెన్స్ అడిగేదీ వీళ్ళే, కాబట్టి వెన్యూ వాళ్ళకు లైసెన్స్ ఉందా ముందే అడగండి. ట్యాక్స్ దిక్కు: అమెరికా నుంచి వచ్చేవాటికి డబ్ల్యూ ఎయిట్ బెన్ ఫారం అడుగుతరు, పాన్ పెట్టి నింపితే రాయల్టీ మీద కోత మనకున్న ఒప్పందం ప్రకారం 15 శాతం, నింపకపోతే 30. సర్వీసులకు ఏడాదికి 20 లక్షలు దాటేదాక జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, కానీ టీషర్టులు వేరే రాష్ట్రానికి పోస్టుల పంపుడు మొదలుపెడితే లెక్క మారుతది, సీఏను అడగండి.

గిగ్గుల సంగతి, జూబ్లీ హిల్స్ క్లబ్బుల వెంట పడి మినిమం బిల్లింగ్ గ్యారంటీలు (ఇంత బిల్లు కాకపోతే మేం కడ్తం అని) ఇచ్చి మునగకండి ఫస్ట్‌లనే. బంజారా హిల్స్‌ల లామకాన్ లాంటి జాగల సాయంత్రం లిజనింగ్ సెషన్ పెట్టుకోవచ్చు, చాయ్ సమోసా ఉంటది, యాంబియంట్‌కూ ఫీల్డ్ రికార్డింగులకూ అంతకన్నా మంచి జాగ నాకు కనపడలే. ఎవరైనా ఫామ్‌హౌస్‌ల ఓపెన్‌గా పెడదాం అంటే రాత్రి 10 నుంచి పొద్దున 6 దాక బయట లౌడ్‌స్పీకర్ వాడొద్దనే రూల్ గుర్తు చేయండి, పోలీసు పర్మిషన్ కాయితం చేతిల లేకుండా పోస్టర్ వెయ్యకండి.

ఇగ స్టేట్‌మెంట్లు. ఆర్నెల్లకొకసారి, జూన్ ఆఖరుకు, డిసెంబర్ ఆఖరుకు లెక్క మూసి, తర్వాతి 45 రోజుల్ల ప్రతి ఆర్టిస్టుకు పీడీఎఫ్ పోవాలి. వచ్చింది 40 రూపాయలైనా పోవాలి, సున్నా అయినా సున్నా అని పోవాలి, ఖర్చు ఇంకెంత వాపస్ రావాల్నో కూడా అందుల కనపడాలి. ఫస్ట్ టైమ్ పంపినప్పుడు ఒక ఆదివారం మొత్తం పట్టింది, డిస్ట్రిబ్యూటర్ ఫైలుల వందల లైన్లు, ఒక్కో లైన్ 0.003 డాలర్లు, అది రూపాయల్లోకి మార్చి నలుగురికి పంచుడు, మా అమ్మ వచ్చి చూసి "ఇది కిరాణా దుకాణమే కదరా" అని పోయింది. అదే రాత్రి యూపీఐల పంపినం. పొద్దున లేచేసరికి మేడ్చల్‌ల ఉండే కుర్రాడి మెసేజ్ ఉంది: "అన్నా, 212 రూపాయలు పడ్డయ్, ఇవేంటియి?" నీ పాటవి, పీడీఎఫ్ చూడు అని రిప్లై కొట్టి, షీట్‌ల అతని లైన్ ఎదురుగ "ఇచ్చినం" అని పెట్టిన. మధ్యాహ్నానికి కొత్త డెమో పంపిండు, పదకొండు నిమిషాల ట్రాక్, ఇంకా వారం కాలే, మళ్ళ వినాలి.